గాలి నెడితే తిరిగే రెక్క

"తిరక్కండి! అలాగే ఉండండి!" అని ఆమె గట్టిగా అరిచింది.

వెనకనుంచి ఎవరైనా అరిస్తే మనిషన్నవాడు తిరిగి చూస్తాడు. అతనూ చూశాడు. అతను తిరిగేసరికి అతని భుజం మీదున్న నిలువెత్తు మూట కూడా తిరిగింది. దాని ముందు కొస గాజు దీపాల బల్లని వెంట్రుకవాసిలో తప్పించుకుంది. వెనక కొస మాత్రం ఆమె ముఖాన్నే వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చి తగిలింది.

ఆ కొసకి ఎవరో దిండు కట్టారు కాబట్టి సరిపోయింది. లేకపోతే కన్నే పోయేది, ఆ తర్వాత చెప్పుకోవడానికి కథ కూడా ఉండేది కాదు. కళ్ళజోడు మాత్రం ఎగిరి పాత కుర్చీల మధ్యలో పడి టక్కుమంది.

"అయ్యో! సారీ అండీ, తగిలిందా?"

"లేదండీ, పలకరించి వెళ్ళింది."

"మీరు తిరక్కండి అంటే, ఎవరన్నారా అని తిరిగాను."

"ఇప్పుడు కూడా తిరుగుతున్నారు. ముందు దాన్ని దింపండి. పక్కకి కాదు బాబూ, కిందకి!"

అది పాత సామాన్ల వేలం హాలు. జనం అటకల మీంచి దింపిన గడియారాలూ, అద్దాలూ, కాళ్ళు ఊగే బల్లలూ అక్కడికి వస్తాయి. అవి ఏమిటో, ఎప్పటివో చూసి వెల చెప్పడం ఆమె పని. చేతిలో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది కాబట్టి సామాన్లు మోసేవాళ్ళు ఆమెని భూతద్దం అనే పిలుస్తారు. ఎదురుగా మాత్రం కాదు.

అతను కుర్చీల కిందకి దూరి కళ్ళజోడు తీసుకొచ్చాడు. వెలుగుకి పెట్టి చూశాడు.

"ఎడమ అద్దం చీలింది. ఫ్రేముకేం కాలేదు. మైనస్ నాలుగా? ఎడమ కంటికి ఇంకాస్త ఎక్కువ ఉండాలే."

"మీకెలా తెలుసు?"

"అద్దం మందం చూస్తే తెలుస్తుందండీ. ఈ వీధి చివర కళ్ళద్దాల షాపు నాదే."

ఆమెకి ఒళ్ళు మండింది. "ఓహో! ఇదన్నమాట మీ వ్యాపారం. దార్లో కనపడ్డవాళ్ళ కళ్ళజోళ్ళన్నీ పగలగొట్టుకుంటూ పోవడం, షాపులో కూర్చుని బాగుచెయ్యడం."

"రోజుకి ఒకరిద్దరికంటే కొట్టలేనండీ. బరువు."

నవ్వు వచ్చింది ఆమెకి. రానివ్వలేదు.

మూట విప్పడానికి ఇద్దరూ చాలాసేపు తంటాలు పడ్డారు. రెండు దిండ్లు, ఒక దుప్పటి, బట్టలారేసే తాడు, దాని మీద ముడి మీద ముడి.

"ఎవరండీ ఇలా కట్టింది?"

"మా అమ్మ. దార్లో ఎవరి కంట్లోనైనా పొడుచుకుంటే నన్ను జైల్లో వేస్తారని భయం. దిండ్లు వద్దంటే ఒట్టు పెట్టింది."

"మీ అమ్మగారికి నేను చాలా రుణపడి ఉన్నాను."

దుప్పటి జారింది. లోపల ఒక పాత చెక్క ప్రొపెల్లర్ ఉంది. రెండు రెక్కలది. ఎన్నో పూతల వార్నిష్‌తో, అప్పుడే స్నానం చేయించిన పిల్లాడిలా తళతళలాడుతోంది.

"మా తాతయ్యది," అన్నాడు అతను. "విమానం నడిపేవాడట. నాన్నకి ఊహ తెలిసేనాటికే పోయాడు. మా హాల్లో గోడకి ఇదొక్కటే ఉండేది, ఫోటో కూడా లేదు. ఇప్పుడు విమానాలు నేర్పే స్కూలు వాళ్ళు దీన్ని వాళ్ళ హాల్లో పెడతామన్నారు. కింద తాతయ్య పేరుతో పలక కూడా చెక్కిస్తారట. మీరు చూసి ఇది ఫలానాది, ఇంత వెల అని కాగితం ఇస్తే చాలు. నాన్న ఆ రోజుకోసం కొత్త కోటు కుట్టుకుంటున్నాడు."

"కుట్టించుకుంటున్నారా?"

"కాదండీ, కుట్టుకుంటున్నాడు. నాన్న టైలర్."

సాయంత్రానికి కొత్త అద్దం వేసి తెస్తానని కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్తున్న మనిషి ఆమెకి ఒక నీలం మరకలా కనిపించాడు. ఆ మరక గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసిందో లేదో తెలియలేదు. తెలుసుకోవాలని అనిపించినందుకు తనమీద తనకే విసుగొచ్చింది.

కళ్ళు లేకపోయినా చేతులున్నాయి కదా. స్టూలు లాక్కుని ప్రొపెల్లర్ ముందు కూర్చుంది. పొరలు పొరలుగా అతికించి చెక్కిన కర్ర. అంచున రాగి రేకు. మధ్యలో ఇరుసుకి రంధ్రం, చుట్టూ బోల్టుల రంధ్రాలు. ఇంతవరకూ బాగానే ఉంది. రెక్కకి ఒక వైపు చదును, ఇంకో వైపు పొట్ట. ఒక అంచు మందం, ఒక అంచు పల్చన. మందం అంచు మీద వేళ్ళు పెట్టి కొస దాకా వెళ్ళింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి వెళ్ళింది. రెక్కని తిప్పి రెండో దాన్ని కూడా తడిమింది.

తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది.

సాయంత్రం అతను కళ్ళజోడుతో వచ్చాడు. చేతికి ఇవ్వలేదు. "కదలకండి. చెవి వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి," అని తనే పెట్టాడు. అది షాపులో అందరికీ చేసే పనే. అలా అని ఆమె తనకి తాను చెప్పుకుంది.

మరకకి కళ్ళూ ముక్కూ వచ్చాయి. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గీత. అంత దగ్గరగా చూస్తున్నానన్న సంగతి అతనికి ఆలస్యంగా తెలిసినట్టుంది, గబుక్కున వెనక్కి జరిగి వెనకున్న బల్లకి కొట్టుకున్నాడు.

"ఇప్పుడు ఎలా ఉంది?" అన్నాడు మోచెయ్యి రుద్దుకుంటూ.

"పర్వాలేదు."

"నేను అద్దం సంగతి అడుగుతున్నాను."

"నేనూ అదే చెప్తున్నాను."

ఆమె కళ్ళజోడుతో ప్రొపెల్లర్‌ని మళ్ళీ చూసింది. చేతులు చెప్పిందే కళ్ళూ చెప్పాయి. అది ఏ విమానానికీ ఎప్పుడూ బిగించింది కాదు.

ఆ మాట అక్కడికక్కడ చెప్పేసి ఉండొచ్చు. కానీ ఆ హాలుకి ఒక పద్ధతి ఉంది, ఆమె మేనమామ పెట్టింది. వస్తువుని అది ఉన్న ఇంట్లో చూడకుండా వెల చెప్పకూడదు. చెప్పేటప్పుడు ఇంట్లో ఒక్కరికే చెప్పకూడదు, అందరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పాలి. ఒకరికి చెప్తే రెండోవాళ్ళకి ఇంకోలా చేరుతుంది, ఆనక అన్నదమ్ములు కొట్టుకుంటారు. ఆ పద్ధతి ఇప్పటిదాకా ఆమెకి చాదస్తంగా అనిపించేది. ఆ రోజు మాత్రం దాని చాటున దాక్కుంది.

"మీ ఇంటికి వచ్చి చూడాలి. అప్పుడే అందరికీ ఒకేసారి చెప్తాను, మా మామయ్య పద్ధతి అది."

"రేపు రండి."

"రేపు కుదరదు."

"ఎల్లుండి?"

"పని ఉంది."

ఆమె వెళ్ళలేదు గానీ అతను రావడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు స్క్రూ వదులైందేమోనని వచ్చాడు. బిగించి వెళ్ళాడు. మర్నాడు ఎక్కువ బిగించానేమోనని వచ్చి వదులు చేశాడు. ముక్కు మీద గుర్తు పడుతోందేమో అన్నాడు. అద్దాలు తుడవడానికి మెత్తటి గుడ్డ తెచ్చాడు. వానొస్తే అద్దాల మీద చినుకులు పడతాయని గొడుగు తెచ్చాడు.

"గొడుగు కూడా కళ్ళద్దాల షాపులో అమ్ముతారా?"

"లేదండీ, ఇది మా అమ్మది. వానలో తడిస్తే న్యుమోనియా వస్తుందట."

"మీకా, నాకా?"

"ఎవరికైనా వస్తుందట. అమ్మ జాబితాలో అందరూ ఉంటారు."

అలా నవ్వుకుంటూనే ఇద్దరూ బల్లకి చెరోవైపు టీ తాగేవాళ్ళు. నవ్వు అయిపోగానే గోడకి ఆనించిన ప్రొపెల్లర్ మీదకి ఆమె చూపు పోయేది. అంతే, మాట తగ్గించేసేది. ఏదో పాత పెట్టె తెరిచి అందులో తల పెట్టేసేది. అతనికి అది ఇంకోలా అర్థమైంది.

"ఒకటి అడగనా?" అన్నాడు ఒక రోజు. "ఇంటికి రమ్మంటే పని అంటారు. స్కూలు వాళ్ళేమో నాన్నకి రోజూ ఫోన్ చేస్తున్నారు. మీకు మా చెక్క నచ్చలేదా, నేను నచ్చలేదా?"

ఆమె పెట్టెలోంచి తల తీయలేదు. "అది కాదు."

"ఏది కాదు?"

"నన్ను పని చేసుకోనివ్వండి."

అతను గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ చూస్తే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు.

మేనమామ దూరంనుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమే, అది గాలిమర రెక్క. విమానం ప్రొపెల్లర్ కాదు. నేను గుమ్మంలోంచి చూసి చెప్పగలను. నువ్వు ఇన్నాళ్ళు ఎందుకు నాన్చుతున్నావ్?"

"చెప్తే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు మామయ్యా."

"వాళ్ళ గడపతో నీకేం పని?"

మేనమామ గొడుగు వైపు చూశాడు. టీ గ్లాసుల వైపు చూశాడు. "ఓహో," అన్నాడు.

"వాళ్ళ నాన్నగారు కొత్త కోటు కుట్టుకుంటున్నారు. నేను వెళ్ళి మీ నాన్న విమానం ఎక్కలేదు అని చెప్పాలి. చెప్పాక అతను నా ముఖం చూస్తాడా?"

"చూడకపోవచ్చు."

"నువ్వు కొంచెం ధైర్యం చెప్తావనుకున్నాను."

"వెల చెప్పడమే నాకొచ్చు. ధైర్యం చెప్పడం రాదు. నీకు కావాలంటే విమానానిదే అని కాగితం రాసివ్వు. ఆ స్కూల్లో తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, పలక మీదున్న పేరు చూసి నవ్వుతాడు. పలక మీదుండేది నీ పేరు కాదు, ఆ పెద్దాయన తండ్రి పేరు."

ఆ మాటకి ఆమె లేచి కొంగు దులుపుకుంది. "రేపు వెళ్తాను," అంది.

మర్నాడు పొద్దున్నుంచే మబ్బు. సామాన్లు మోసేవాళ్ళిద్దరు ప్రొపెల్లర్‌ని ముందే ఇంటికి చేర్చారు. వాళ్ళిల్లు ఒక పాత మేడలో మొదటి అంతస్తు. బయటనుంచి సిమెంటు మెట్లు. ఆమె ఇంకా సగం మెట్ల మీద ఉండగానే పైనుంచి గొంతు వినిపించింది.

"గోడవైపు రా తల్లీ, గోడవైపు! ఆ రెయిలింగ్‌ని నమ్మకు. ఎవరూ పడలేదనుకో, పడితే మాత్రం ఎవరు పట్టుకుంటారు?"

తల్లి గుమ్మంలోనే ఎదురై తల తుడుచుకోమని టవల్ ఇచ్చింది. తడవలేదు ఆంటీ అంటే, చెమ్మ చాలు అంది. కుర్చీ చూపించి మళ్ళీ వద్దని ఇంకో కుర్చీ చూపించింది, మొదటిదానికి కాలు కొంచెం అనుమానమట. హాలు చిన్నది. కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, గోడ మీద ప్రొపెల్లర్ ఆకారంలో తెల్లగా మిగిలిన గీత. దాని కింద సోఫా లేదు, కుర్చీ లేదు, ఏమీ లేదు.

"అక్కడ అమ్మ ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు," అన్నాడు అతను. ఆమెతో అన్న మాటే గానీ ఆమె వైపు చూడలేదు.

"ఎందుకు కూర్చోనిస్తాను? మేకు ఊడితే?" అంది తల్లి. "ఏటా వార్నిష్ వేసేదాన్ని తల్లీ. పేడు లేస్తే ఎవరికైనా గుచ్చుకుని సెప్టిక్ అవుతుందని."

తండ్రి లోపలనుంచి వచ్చాడు. మెడలో టేపు, ఒంటి మీద సగం కుట్టిన కోటు. "రామ్మా," అని ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పు. ఏ విమానానిది?"

ఇంటిల్లిపాదీ ఉన్నారు. ఇంక వంక లేదు.

"అంకుల్, ఇది విమానానిది కాదండీ."

కుట్టుమిషను మీంచి వేలాడుతున్న దారం గాలికి ఊగుతోంది.

"మా నాన్న విమానం నడిపాడమ్మా," అన్నాడు తండ్రి. కోపంగా కాదు, తప్పు దిద్దుతున్నట్టు.

"మీ నాన్నగారి సంగతి నాకు తెలియదండీ. దీని సంగతే తెలుసు. మీరే ఒకసారి చెయ్యి పెట్టి చూడండి." ఆమె నేల మీద కూర్చుని ప్రొపెల్లర్‌ని ఆయన మోకాళ్ళ దగ్గరకి జరిపింది. "ఇది చదును వైపు, ఇది పొట్ట. ఈ మందం అంచు ముందు గాలిని కోస్తుంది. విమానం ప్రొపెల్లర్‌ని ఇంజను తిప్పుతుంది, అది గాలిని వెనక్కి నెడుతుంది. అలా నెట్టేదానికి మందం అంచు పొట్టవైపుకి ఒరగాలి. దీనికి ఎటు ఒరిగిందో చూడండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గుడ్డకి ఏది ఎదురో ఏది తిరగో చీకట్లో కూడా చెప్పగల చేతులు అవి. రెక్క మీద మెల్లగా పోయాయి.

"చదువువైపుకి..." అని నాలుక తడబడి, "చదునువైపుకి ఒరిగింది," అన్నాడు.

"అవునండీ. ఇది గాలిని నెట్టేది కాదు. గాలి నెడితే తిరిగేది. గాలిమరది."

ఆయన కళ్ళు తెరవలేదు. "కొలతలు తీసుకున్న ప్రతివాడికీ చెప్పాను," అన్నాడు. "చేతులెత్తండి అంటాను, వాళ్ళు ఎత్తగానే మా నాన్న కూడా ఇలాగే రెక్కలతో ఎగిరేవాడు అంటాను. మా నాన్న పోయేనాటికి నేను బొత్తిగా చిన్నవాణ్ణి. గోడకి ఇది ఉంది. ఏమిటని అడిగితే అమ్మ ఏడ్చేది. అడగడం మానేశాను. ఇంకేం అనుకోవాలమ్మా?"

అతను తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఎన్ని కళ్ళద్దాలున్నా తెలిసేట్టు లేదు. అయిపోయింది అనుకుంది ఆమె. లేచి వెళ్ళిపోవడానికి సంచీ దగ్గరకి లాక్కుంది.

"ఉండు తల్లీ," అంది తల్లి. "ఒక్క మాట. అంటే, మా మామగారు ఎగరలేదా?"

"ఈ రెక్కతో ఎగరలేదండీ."

"ఎగిరాడనడానికి ఇంకేమన్నా ఉందా ఈ ఇంట్లో?" అని మొగుణ్ణి అడిగింది.

"ఇదొక్కటే," అన్నాడాయన.

తల్లి రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. "అంటే మావాడి రక్తంలో ఎగరడం లేదన్నమాట!"

"అమ్మా!"

"నువ్వూరుకోరా! పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ చెక్కని చూసి గుండె చేత్తో పట్టుకుని బతికాను. తాత ఎగిరాడు, మనవడు ఎప్పుడు ఎగురుతానంటాడో అని! నిన్ను డాబా మీదకి పోనిచ్చానా? ఉయ్యాల ఎక్కనిచ్చానా? గాలిపటం అడిగితే బంతి కొనిచ్చాను. చదువైపోగానే కళ్ళద్దాల షాపు పెట్టించాను. ఎందుకు పెట్టించాననుకున్నావ్?"

"నాకు ఇష్టమని."

"గ్రౌండ్ ఫ్లోర్ అని!"

తండ్రి కళ్ళు తెరిచి భార్యని చూశాడు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని కాజాలు కుట్టిన మనిషి ఇంత మోసిందని ఆయనకి తెలియదు. ముందు ఆయన మూతి వణికింది. అది ఏడుపో నవ్వో తేలడానికి కొంచెం టైము పట్టింది. నవ్వే.

"మరి ఇది తిరిగితే ఏమయ్యేదమ్మా?" అని అడిగాడు కాసేపటికి.

"ఇంటి కప్పు మీద బిగించేవాళ్ళండీ. గాలికి తిరిగితే బ్యాటరీ ఎక్కేది. కరెంటు రాని రోజుల్లో దానితో దీపం వెలిగేది, రేడియో మోగేది."

"రేడియో..." ఆయన టేపుని వేళ్ళకి చుట్టుకుంటూ ఆగాడు. "మా నాన్న ఉన్నప్పుడు మా ఇంట్లో రేడియో మోగేదట. సాయంత్రం వీధి వీధంతా మా అరుగు మీదేనని ఇరుగుపొరుగు చెప్పేవాళ్ళు. మా వీధికి కరెంటు నేను మిషను నేర్చుకునే రోజుల్లో గానీ రాలేదు. మరి ఆ రేడియో ఎలా మోగిందని ఒక్కరోజు కూడా అనుకోలేదు చూడు! మా నాన్న బిగించాడన్నమాట. కప్పెక్కి."

"కప్పెక్కాడా?" అంది తల్లి గాభరాగా.

"ఎక్కాడు. దిగాడు కూడా." ఆయన సగం కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. "వెల చెప్పమ్మా. పద్ధతి పద్ధతే."

"విమానానిదైతే కొత్త కుట్టుమిషన్లు నాలుగైదు వచ్చేవండీ. ఇదైతే ఒక మంచి టేబుల్ ఫ్యాను. వార్నిష్ వెయ్యకుండా ఉంటే రెండు వచ్చేవి."

"ఒక ఫ్యాను నేను మింగేశానన్నమాట," అంది తల్లి ఏమాత్రం బాధపడకుండా.

"స్కూలు వాళ్ళకి నేను ఫోన్ చేస్తాలే. ఇది మళ్ళీ గోడకే ఉండనీ," అన్నాడు తండ్రి. "ఇక కొలతలు తీసుకునేటప్పుడు రేడియో సంగతి చెప్తాను."

తల్లి ఆమె పక్కన చతికిలబడింది. "ఇంతమంది ముఖం మీద నిజం చెప్పావంటే నువ్వు గట్టిదానివే. ఇంకో నిజం కూడా చెప్పు. వీడు రోజూ మధ్యాహ్నం షాపు మూసి ఎటో పోతున్నాడు. పేకాటా? అప్పులా? నేనేదీ దాచుకోలేను, చెప్పెయ్యి."

ఆమె అతని వైపు చూసింది. అతను వద్దన్నట్టు కనుబొమ్మలు ఎగరేస్తున్నాడు.

"స్క్రూ బిగించడానికి వెళ్తున్నారండీ."

"ఎవరిది?"

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. హాల్లో ఎవరికీ ఇంక విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. తండ్రి దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. తల్లి ఒకసారి కొడుకునీ, ఒకసారి ఆమెనీ చూసి, "ఇల్లు ఎన్నో అంతస్తు తల్లీ మీది?" అని అడిగింది.

"కిందేనండీ."

"ఇంక నాకేం భయం లేదు," అంది తల్లి. జీవితంలో ఆ మాట అనడం బహుశా అదే మొదలు.

వాన పెద్దదయ్యేలోగా ఆమెని దింపి రమ్మని కొడుకుని పంపించింది. గుమ్మం దాటాక ఇద్దరూ మెట్ల మీద ఆగిపోయారు. కిందంతా తడి వీధి, దాని మీద గొడుగులు.

"అందుకేనా పెట్టెలో తల పెట్టుకుని కూర్చున్నారు?" అన్నాడు అతను.

"చెప్తే మీరు మళ్ళీ రారనుకున్నాను."

"రాకపోతే?"

"స్క్రూ వదులైపోతుంది కదా."

"మీకు అబద్ధం చెప్పడం రాదు. సరిగ్గా చెప్పండి."

"రాకపోతే బావుండదు," అంది ఆమె. ఈసారి తల ఎక్కడా దాచుకోలేదు. "నాకు."

"నేను మొదటిరోజే స్క్రూ సరిగ్గా బిగించాను," అన్నాడు అతను. "ఆ తర్వాతవన్నీ నా కోసం. మీ మామయ్యగారితో మాట్లాడడానికి మా ఇంటిల్లిపాదినీ ఒకేసారి తీసుకురానా?"

"పద్ధతి అదే," అంది ఆమె.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. చేతులు రెండూ దగ్గరగానే ఉన్నాయి గానీ, ఏది ముందు కదలాలో వాటికి తెలియడం లేదు. పైన కిటికీ తెరుచుకున్న చప్పుడైంది.

"ఒరేయ్, బొమ్మల్లా నిలబడ్డారేంట్రా! మెట్లు తడిగా ఉన్నాయి, జారి పడతారు," అని అరిచింది తల్లి. "చేతులు పట్టుకుని దిగండి!"